మీ అమ్మాయి గుర్తొచ్చింది

ఉడతమ్మా,

మీ ఆఫీసు నుంచి నాకో కాగితం వచ్చింది. అక్షరాలు చీమల్లా ఉంటే పక్కింటి కంపౌండర్ చేత చదివించుకున్నాను. నీ నమూనా అక్కడి శీతల గదిలో మైనస్ ఎనభై డిగ్రీల దగ్గర భద్రంగా ఉందట. నువ్వు ఇక ఉద్యోగంలో లేవు కాబట్టి, నేను సంతకం పెడితే నెలాఖరుకి దాన్ని పారేస్తారట. రెండోసారి చదవమంటే కంపౌండర్ చదవలేదు. కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

జ్వరం నిన్ను తీసుకుపోయి నాలుగు నెలలైంది. అన్నీ నాకు అప్పజెప్పేశామన్నారే వాళ్ళు! నీ బూట్లు, నీ సంచి, నీ టోపీ అన్నీ ఇచ్చారు. మరి నువ్వు ఇంకొంచెం అక్కడ ఎలా మిగిలిపోయావే? వాన పడితేనే దుప్పట్లోంచి కాలు బయట పెట్టేదానివి కాదు. మైనస్ ఎనభై అంటే ఎంత చలి అని అడిగితే, "నీళ్ళు గడ్డకట్టే చలి ఉంది చూడండి, దానికి ఇంకా చాలా కిందకి" అన్నాడు కంపౌండర్. ఎంత కిందకో అడగబుద్ధి కాలేదు.

నీ పచ్చ స్వెటర్ పంపిస్తున్నాను. మోచేతి దగ్గర చిరుగు కుట్టాను. ఉతకలేదు. ఉతికితే నీ వాసన పోతుందని ఇన్నాళ్ళూ ఉతకలేదు, కోప్పడకు.

మీ అమ్మ

తా.క. తలుపు తీసేవాళ్ళెవరైనా ఇది చదివితే: తల మీద నుంచి తొడగొద్దు, విసుక్కుంటుంది. ముందు గుండీలున్నాయి. పై గుండీ దానికి గొంతు దగ్గర గుచ్చుకుంటుంది, వదిలెయ్యండి.

* * *

గౌరవనీయులైన అమ్మగారికి,

నమస్కారం. తలుపు తీసేది నేనే. శీతల గది బాధ్యురాలిని. చేరి రెండు నెలలే అయింది కాబట్టి మీ అమ్మాయిని చూడలేదు. గొట్టాల మీద ఆమె చేతిరాత మాత్రం రోజూ చూస్తాను.

మీరు పొరబడ్డారు. ఇక్కడున్నది మీ అమ్మాయి కాదు, ఆమె ఉమ్మి. చిటికెన వేలంత గొట్టంలో ఉంది. కొండ మీద తోడేళ్ళ మలం ఏరి తెచ్చే వాళ్ళందరి దగ్గరా తీసుకుంటాం. ఆ మలంలో ఉండే జన్యువులను యంత్రం చదివి, ఏది ఎవరి పిల్లో, ఎన్ని మిగిలాయో, కొండకి అటువైపువీ ఇటువైపువీ ఇంకా కలుస్తున్నాయో లేదో చెబుతుంది. కలవడం మానేస్తే ఆ వంశం నిలవదు. ఏరినవాళ్ళ వెంట్రుకో చెమటో అందులో పడితే, ఇది తోడేలు కాదు, మన మనిషే అని పోల్చుకోవడానికి ఆ ఉమ్మి. అంతే.

నిబంధనల ప్రకారం ఫ్రీజరులో దుస్తులు పెట్టరాదు. స్వెటర్ తిప్పి పంపుతాను. పత్రం మీద సంతకం చేసి ముప్పయ్యో తేదీలోగా పంపగలరు.

ఇట్లు,
బాధ్యురాలు, శీతల గది

తా.క. పార్శిల్ కట్టడానికి తాడు దొరకలేదు. అంతవరకు స్వెటర్ నా కుర్చీకి తగిలించాను. నాకు మడత పెట్టడం రాదు.

* * *

శీతల గది అమ్మాయికి,

ఉమ్మి, అంతే, అని రాశావు. తల్లీ, ఆ ఉమ్మి నేను మూడేళ్ళు భుజం మీద మోశాను. నేను దర్జీ కొట్లో గుండీలు కుట్టే మనిషిని. చూపు ఆనక సూదిలో దారం ఎక్కకపోతే అదే కొస తడిపి ఎక్కించి ఇచ్చేది. అది తడిపిన దారంతో ఎంతమంది చొక్కాలకి గుండీలు కుట్టానో. నాకు "అంతే" అని రాయకు.

తోడేళ్ళ పెంట ఏరే ఉద్యోగమని చాలాకాలం నాకు చెప్పలేదు. "కొండ మీద లెక్కల పనే అమ్మా" అనేది. "ఏం లెక్కలే ఇవి, ఇంత కంపు!" అంటే పడీ పడీ నవ్వేది. అన్నేళ్ళలో ఒక్క తోడేలునీ కళ్ళతో చూడలేదట. చూడకుండానే ఇది తల్లి, ఇది పిల్ల అని చెప్పేస్తారట. మీ పని నాకు కొంచెం భయమే.

సంతకం పెట్టను. నాకింకా ఇరవై రోజుల గడువుంది. అదెలా ఉందో అప్పుడప్పుడూ రెండు ముక్కలు రాస్తూ ఉండు.

దాని అమ్మ

తా.క. తాడు వెతకొద్దు.

* * *

అమ్మగారికి,

నమస్కారం. సంతకం సంగతి తర్వాత. నిన్న మూడు గొట్టాల్లో మీ అమ్మాయి గుర్తొచ్చింది. పెద్దసారుకి చెబితే ఆయన ముఖం పాలిపోయింది. యంత్రం మళ్ళీ నడపమన్నారు. మళ్ళీ గుర్తొచ్చింది.

మీకు చెప్పొచ్చో లేదో తెలియదు. చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇట్లు,
బాధ్యురాలు

తా.క. ఈ ఉదయం వచ్చేసరికి స్వెటర్ మడిచి ఉంది. చేతులు రెండూ లోపలికి పెట్టి. గది తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

* * *

పిచ్చిదానా,

మూడుసార్లు గుర్తొచ్చిందని ఉత్తరమా? నాకు పొయ్యి వెలిగిస్తే గుర్తొస్తుంది, ఆర్పితే గుర్తొస్తుంది. సూదిలో దారం ఎక్కకపోతే గుర్తొస్తుంది, ఎక్కితే ఇంకా గుర్తొస్తుంది. దాన్ని తలుచుకుంటే ముఖం పాలిపోయిందంటే మీ పెద్దసారు మంచివాడే. యంత్రానికి కూడా గుర్తొచ్చిందా! ఆ మాట కంపౌండర్‌కి చదివి వినిపించాను. అతను మళ్ళీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

కానీ నువ్వు దాన్ని చూడనే లేదన్నావు. చూడని మనిషి నీకెలా గుర్తొస్తుందమ్మా?

చేతులు లోపలికి పెట్టి మడవడం నేను నేర్పిందే. దానికి తప్ప ఎవరికీ నేర్పలేదు.

దాని అమ్మ

తా.క. ఈసారి గుర్తొస్తే ఒక్కదానివీ ఉండకు. పెద్దసారు పక్కన కూర్చో.

* * *

అమ్మా,

నేను రాసింది తలుచుకోవడం గురించి కాదు. మా పనిలో గుర్తు అంటే ఆనవాలు. మీ అమ్మాయి ఆనవాలు ఆ గొట్టాల్లో కనిపించింది. అవి ఆమె ఏరినవి కావు. ఆమె పోయిన నాలుగు నెలలకి, ఈ నెలలోనే, కొత్తాయన ఏరినవి. ఆయనకి మోకాలి నొప్పి, అందుకే మోకాలాయన అంటాం. "కొండ మీద ఎవరైనా కలిశారా?" అని పెద్దసారు అడిగితే, నేల చూపులు చూస్తూ, "ఎవరూ లేరండి. ఒంటరిగా మాత్రం అనిపించలేదు" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఆ గొట్టాల దగ్గరికి రాలేదు. మూడు కాస్తా పదకొండయ్యాయి.

ఒక తప్పు ఒప్పుకోవాలి. చలికి తట్టుకోలేక మీ స్వెటర్ నేనే తొడుక్కున్నాను, రోజూ, గొట్టాలు తెరిచేటప్పుడు కూడా. ఆ పదకొండూ తెరిచింది నేనే. ఉతకని స్వెటర్ లోంచి ఆమె వెంట్రుకలూ చర్మపు పొట్టూ రాలి ఉంటాయి. పెద్దసారు నన్ను తిట్టి, నవ్వి, కుర్చీలో కూలబడ్డారు. స్వెటర్ విప్పేసి, విడిగా దాచిన ముక్కలతో మళ్ళీ చేస్తే పదకొండూ శుభ్రంగా వచ్చాయి. మడత పెట్టింది మాత్రం ఆయన కాదట, ఊడ్చే ఆమె కాదట.

పన్నెండో గొట్టం ఉంది. దాన్ని నేను తెరవలేదు. వేరే ఊరి ల్యాబ్‌లో తెరిచారు. స్వెటర్ అక్కడికి వెళ్ళలేదు. అయినా గుర్తొచ్చింది, పూర్తిగా కాదు, సగం. సగం మీ అమ్మాయి అంటోంది యంత్రం. మిగతా సగం ఎవరో మా జాబితాలో లేరు. ఆ కాగితం నా బల్ల మీద బోర్లించి పెట్టాను.

ముప్పయ్యో తేదీకి వారమే ఉంది. సంతకం పెట్టమని ఇక అడగను. ఆ ఉమ్మి పారేస్తే, ఆమె ఎప్పుడొచ్చినా మేం గుర్తుపట్టలేం. "ఎవరో మనిషి" అని రాసుకుంటాం.

మీ శీతల గది అమ్మాయి

తా.క. ఆ గొట్టంలోని తోడేలు కూడా జాబితాలో లేదు. తండ్రి అటువైపుది, తల్లి ఇటువైపుది. ఇంకా కలుస్తున్నాయన్న మాట! ఆడపిల్ల.

* * *

తల్లీ,

ఆ సగం నేను.

నీ మొదటి ఉత్తరం అందిన మర్నాడు, అది ఎక్కడ తిరిగేదో చూద్దామని కొండకి వెళ్ళాను. సగం దారిలో మోకాలాయన బండ మీద కూలబడి ఉన్నాడు. "అక్కా, ఆఫీసులో చెప్పకు, ఉద్యోగం పోతుంది. పైన ఏదైనా కనిపిస్తే ఇందులో వేసి తెస్తావా?" అని గొట్టం చేతిలో పెట్టాడు. తొడుగులూ ఇచ్చాడు. వదులై జారిపోతుంటే తీసి సంచిలో పడేశాను. వంగి ఏరుతుంటే ఇది దాని పని కదా అనిపించి కళ్ళూ ముక్కూ ఒకటే కారడం. అందులో పడ్డట్టుంది. బిడ్డలో సగం తల్లే కదా. చెప్పనని మాట ఇచ్చాను కాబట్టి నీకు రాయలేదు. ఇప్పుడు నువ్వు భయపడుతున్నావని రాస్తున్నాను. అతన్ని తీసెయ్యొద్దని పెద్దసారుకి చెప్పు. గొట్టాలు మోయడానికి అతను, కొండెక్కడానికి నేను.

పొదల వెనక ఎవరో నాతోబాటు నడిచారమ్మా. నేను ఆగితే ఆగారు. దాని పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. వెళ్ళిపోనూ లేదు. నేను దిగేదాకా ఉంది.

సంతకం పెట్టి పంపుతున్నాను. దాన్ని ఆ చలిలోంచి తీసెయ్యండి. దాని బదులు నా ఉమ్మి పెట్టుకోండి. ఎటూ ఏరే వాళ్ళందరి దగ్గరా తీసుకుంటారు కదా. రేపెప్పుడైనా అది వస్తే "ఎవరో మనిషి" అని రాయొద్దు. నా దాంతో పోల్చి చూడండి, సగమైనా తెలుస్తుంది. మిగతా సగం నేను చెబుతాను.

మీ అమ్మ

తా.క. ఉమ్మి పంపింది దగ్గుమందు సీసాలో. కంపౌండరే కడిగి ఇచ్చాడు. యంత్రానికి దగ్గుమందు గుర్తొస్తే కంగారు పడకండి. నీ అక్షరాలు ఉత్తరం ఉత్తరానికీ వణుకుతున్నాయి. మధ్యాహ్నం ఆ గదిలోంచి బయటికొచ్చి, ఎండలో కూర్చుని, కడుపునిండా తిను.