చబ్బీ బుగ్గలు

మార్చి 4
స్టూడియోలో ఇవాళ నేను ఎక్కువసార్లు వాడిన మాట చబ్బీ. పళ్ళు రాని పిల్లాడి తల్లితో అంటే మురిసిపోయింది. ఉద్యోగం అప్లికేషనుకి ఫోటో దిగడానికొచ్చిన అమ్మాయితో అంటే ముఖం మాడ్చుకుంది. ఇంటికొచ్చి మా ఆయన పొట్ట తట్టి అంటే, అయితే ఇంకో ముద్ద పెట్టు అన్నాడు. ఒకరికి ముద్దు, ఒకరికి మొట్టికాయ.

మార్చి 9
అక్క గున్నని స్టూడియోకి తీసుకొచ్చింది. అక్క కూతురు, మూడేళ్ళది. ఏనుగు గున్నలా ఉందని ఆ పేరు పెట్టింది నేనే. బుగ్గలు చూడగానే షోకేసులో పెట్టాల్సిన ఫోటో ఇదే అనుకుని తీశాను.

పొద్దున్న లేవగానే దీని కళ్ళు ఉబ్బి ఉంటున్నాయే, డాక్టరుకి చూపించనా అంది అక్క. నువ్వు పుల్లలా ఉంటే లోకమంతా పుల్లలా ఉండాలా, అది చబ్బీ అంతే, నీ దిష్టే తగిలేలా ఉంది అన్నాను. నవ్వేసింది. చిన్నప్పటి నుంచీ నేనేం చెప్పినా నమ్ముతుంది.

మార్చి 10
గున్న ఫోటో రీటచ్ చేశాను. కళ్ళ కింద ఉబ్బు తీసేశాను. సాక్సు రబ్బరు వల్ల కాలి మీద లోతుగా గీత పడింది. అదీ చెరిపేశాను.

మార్చి 14
షోకేసు ముందు జనం ఆగుతున్నారు. చబ్బీ, సో చబ్బీ.

మార్చి 22
గున్న హాస్పిటల్లో ఉంది. ఒళ్ళంతా వాపు. కిడ్నీల నుంచి ప్రోటీన్ పోతోందట. నేను ముద్దు చేసింది కండ కాదు, నీరు. డాక్టరమ్మ బొటనవేలితో కాలిని నొక్కింది. గుంట పడి, అలాగే ఉండిపోయింది. ముందే తీసుకురావాల్సింది కదమ్మా, పొట్టలోకి ఇంత నీరు చేరేదాకా ఉన్నారేంటి అంది. అక్క తల దించుకుంది. నా పేరు చెప్పలేదు.

తెలియక అన్నానని సర్దిచెప్పుకోవడానికి కూడా లేదు. చూడకపోతే ఎలా చెరుపుతాను?

మార్చి 23
వాపు ఎప్పుడు మొదలైందో తెలుసుకోవాలి, ఈమధ్య తీసిన ఫోటోలున్నాయా అని డాక్టరమ్మ అడిగిందట. మా చెల్లి దగ్గర మంచిది ఉంది అని చెప్పిందట అక్క.

షోకేసులోది ఇస్తే నేను తప్పించుకుంటాను. అందులో గున్న నిక్షేపంలా ఉంది. ఒరిజినల్ ఇస్తే అక్కకి అంతా తెలిసిపోతుంది. భయంగా ఉంది. ఇందులో కూడా నా భయమే నాకు ముందు. ఛీ.

మార్చి 24
ఒరిజినల్ ఇచ్చాను. చెరిపింది నేనే అని కూడా చెప్పాను. అక్క ఫోటోలో కాలి మీది గీతని వేలితో తడిమింది. ఇంత స్పష్టంగా కనిపించిందా నీకు అని అడిగింది. కనిపించిందక్కా అన్నాను. నాలుగు దులిపినా బాగుండేది. ఫ్లాస్కు తీసుకుని వేడినీళ్ళకి వెళ్ళిపోయింది.

స్టూడియోకొచ్చి షోకేసు ఖాళీ చేశాను.

ఏప్రిల్ 19
గున్న ఇంటికొచ్చింది. నీరు దిగింది. స్టెరాయిడ్ల వల్ల బుగ్గలు మాత్రం మళ్ళీ గుండ్రంగా అయ్యాయి. పక్కింటావిడ బుగ్గ గిల్లి, ఎంత చబ్బీగా ఉందో అంది. అక్కా నేనూ ఒకేసారి వంగి గున్న సాక్సు కిందికి లాగాం. గీత లేదు.

ఏప్రిల్ 27
అక్క స్టూడియోకి వచ్చింది. గున్న సాక్సు విప్పి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఇక వారం వారం ఒకటి తియ్యి అంది. నేను కెమెరా అందుకోగానే వెళ్ళి కంప్యూటర్ ముందు, నా కుర్చీలో కూర్చుంది.