బయటి మెట్టు

జూలై 7, ఆదివారం

ఈ రోజు బల్ల ఆదివారం. నెలకోసారి పాస్టరుగారు ఒడ్డు నుంచి లాంచీలో ఈ దీవికి వస్తారు. రొట్టె విరుస్తారు, గిన్నె అందిస్తారు, గాలి మారకముందే వెళ్ళిపోతారు. మిగతా ఆదివారాలు నావి. నేను ఉపదేశిని. పాట ఎత్తుకోవచ్చు, వాక్యం చెప్పొచ్చు, గంట కొట్టొచ్చు, బెంచీలు తుడవొచ్చు. ప్రభువు బల్ల మాత్రం నాది కాదు. అది అభిషేకం అయిన చేతుల పని.

పాస్టరుగారికి లాంచీ పడదు. ఈసారి కూడా దిగుతూనే జెట్టీ పట్టుకుని కక్కుకున్నారు. పాపం, మంచి మనిషే. ప్రసంగం మాత్రం చాలా ఫ్రెష్‌గా చెప్పారు, కడుపు ఖాళీ అయినందుకేమో.

ప్రసంగం అయ్యాక నేను లేచి ఎప్పటిలాగే చదివాను. "బల్లలో పాలు లేనివారు ఇప్పుడు మౌనంగా బయటికి వెళ్ళవలెను." నా ముందు నాన్న ఉపదేశి. అప్పుడు నాన్న చదివేవాడు. చర్చి మొత్తం మీద ఆ వాక్యం ఒక్కరికే వర్తిస్తుంది. ఆ ఒక్కరూ మా అత్తగారు.

ఆవిడ చివరి బెంచీలోంచి లేచింది, కర్ర వెతుక్కుంది, బయటికి వెళ్ళి మెట్టు మీద కూర్చుంది. ఈసారి లేవడానికి చాలాసేపు పట్టింది. అందరూ పాటల పుస్తకాల్లోకి చూస్తూ కూర్చున్నారు. మా ఆవిడ కూడా.

జూలై 10

అత్తగారి సంగతి నాకు తెలిసిందే. అయినా కాగితం మీద పెట్టి చూసుకోవాలనిపించింది.

ఆవిడ మొదటి భర్త పడవ మీద వెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. శవం లేకపోతే విధవ కాదు. విధవ కాకపోతే చర్చిలో రెండో పెళ్ళి లేదు. లైట్‌హౌస్‌లో దీపం చూసుకునే మనిషి ఆవిడనీ, చంకలో పిల్లనీ తన గదికి తీసుకెళ్ళి అన్నం పెట్టాడు. ఆ పిల్లే మా ఆవిడ. ఆయన్నే నాన్నా అని పిలిచింది. నేనూ మామా అనే పిలిచాను. పెళ్ళి లేని కాపురం కనుక సంఘం అత్తగారిని బల్లకు దూరం పెట్టింది. ఎదురుగా నిలబడి అది పాపం అని ఒక్క మాట అంటే మళ్ళీ చేర్చుకుంటారు.

అనలేదు. మామ పోయాక కూడా అనలేదు. అన్నం పెట్టిన మనిషిని పాపం అని ఎలా అంటానని నాతో ఒకసారి అంది. మొండిఘటం. అలాగని ఒక్క బల్ల ఆదివారం కూడా ఇంట్లో ఉండిపోలేదు. రావడం, కూర్చోవడం, నేను చదవగానే లేవడం.

చిన్నప్పటినుంచి చూసింది కనుక నన్ను నువ్వనే అంటుంది. బల్ల ఆదివారం మాత్రం "అల్లుడుగారూ, మీరు". ఆ రోజు ఆ మర్యాద నాకు మొట్టికాయలా తగులుతుంది.

జూలై 16

కాంపౌండరు వచ్చి చూశాడు. గుండె అలిసిపోయిందట, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. ఒడ్డుకి తీసుకెళ్ళినా పెద్దగా ఒరిగేదేం లేదని గుమ్మం బయట నా చెవిలో చెప్పాడు. లోపల్నుంచి ఆవిడ, గట్టిగానే చెప్పు నాయనా, నా గుండె సంగతి నాకు తెలియకుండా ఉంటుందా అంది.

జూలై 24, సాయంత్రం

అత్తగారు నన్ను పిలిచి మంచం పక్కన కూర్చోమంది. సంఘం ఎదుట ఆ మాట అంటానంది.

ఎందుకని అడిగాను. అందరూ తిన్న తరవాత చర్చి తలుపులోంచి రొట్టె వాసన వస్తుందట. ఒక్కసారి లోపల కూర్చుని తినాలని ఉందట. అంతే. దేవుడి గురించి ఏమీ చెప్పలేదు. నేనే ఏదో చెప్పబోయాను, కళ్ళు మూసుకుంది.

మా ఆవిడ వంటింట్లో గిన్నెలు దబదబా కడిగింది. తరవాత నా దగ్గరికి వచ్చి, చివరికి అమ్మని వంచారుగా అంది. నేనేం వంచాను? నాకైతే సంతోషంగా ఉంది. రాయడానికి సిగ్గేమిటి, చాలా సంతోషంగా ఉంది.

జూలై 25

జెట్టీ చివరికి వెళ్తేనే సిగ్నల్. పాస్టరుగారికి ఫోన్ చేశాను. ప్రైజ్ ద లార్డ్ అన్నారు. వచ్చే బల్ల ఆదివారం చేర్చుకుందామన్నారు.

ఆగస్టు 2

గాలి. టవర్ పడిపోయింది. ఫోన్ లేదు.

ఆగస్టు 3, శనివారం

జెట్టీ మీద ఎర్రజెండా ఎగరేశారు. లాంచీ రాదు.

అయినా మా ఆవిడ పిండి పిసికి బల్లకి రొట్టె కాల్చింది. ప్రతి నెలా కాల్చేది తనే. లాంచీ రాదని చెప్పాను. చెవిన వేసుకోలేదు.

ఆగస్టు 4, ఆదివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అత్తగారు పెట్టె అడుగునుంచి తెల్లచీర తీయించి కట్టుకుంది. పాస్టరుగారు రారని చెప్పాను. ఆవిడకి పట్టలేదు. వస్తారేమో, వచ్చాక నేను సిద్ధంగా లేకపోతే బాగుండదని అంది. కుర్చీలో కూర్చోబెట్టి, పడవవాళ్ళిద్దరు మోసుకొచ్చారు. మొదటి బెంచీలో కూర్చోబెట్టమంది. నాకు తెలిసి ఆవిడ అక్కడ కూర్చోవడం ఇదే మొదటిసారి.

నేను పాట పాడించాను, ప్రార్థన చేశాను. పైన రేకులు కొట్టుకుంటున్నాయి. ప్రసంగం సగంలో ఉండగా ఆవిడ బెంచీ పట్టుకుని లేచింది. పాస్టరుగారు వచ్చాకే చెప్పాలని నేను అనాల్సింది. చేర్చుకునేవాడు లేకుండా ఆ మాట అనిపించకూడదు. నేను ఆపలేదు. అందరూ చూస్తున్నారని.

ఆయాసపడుతూ, ఆగి ఆగి అంది. "నేను ఆయనతో ఉన్నది పాపం."

చేర్చుకున్నామని చెప్పాల్సిన మనిషి ఒడ్డున ఉన్నాడు. నేను ఆ మాట అనకూడదు. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. తరవాత అడిగింది.

"ఇప్పుడు బయటికి వెళ్ళాలా, అల్లుడుగారూ?"

ఈ రోజు బల్ల లేదు, వెళ్ళనక్కరలేదని చెప్పాను. అలా చెప్పినందుకు నా నాలుక కోసెయ్యాలి.

ఆగస్టు 6, మధ్యాహ్నం

అత్తగారు అడిగింది. రొట్టె ఇంట్లోనే ఉందిగా, మీరు పెట్టండి అంది. మళ్ళీ మీరు.

నాకు అధికారం లేదన్నాను. గాలి తగ్గగానే పాస్టరుగారు వస్తారన్నాను. నేను ఇస్తే అది ఉత్త రొట్టె అవుతుందన్నాను. ఆవిడ చేసుకున్న ఒప్పుకోలు కూడా పాడవుతుందని అన్నాను. ఇవన్నీ నిజమే. నాన్న నేర్పినవే. ఒక్కటి చెప్పలేదు. భయం. సంఘంలో ఎవరో ఒకరు పాస్టరుగారి చెవిన వేస్తారు, ఉపదేశి పని పోతుంది, అది పోతే ఈ దీవిలో నేనెవర్ని?

అన్నీ విని సరే అంది. వాదించలేదు. వాదించి ఉంటే బాగుండేది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

ఆగస్టు 7, ఉదయం

నిద్ర లేదు. తెల్లారగానే రొట్టెలో ముక్క విరిచి, గిన్నెలో ద్రాక్షరసం పోసి, తువ్వాలు కప్పి తీసుకెళ్ళాను. పోతే పోనీ ఉద్యోగం అనుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని, అత్తా, తెచ్చాను అన్నాను.

కళ్ళు తెరిచింది. గిన్నె చూసింది, నన్ను చూసింది. కోపం లేదు. కోపం ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

"నిన్న అడిగాను బాబూ. ఇవాళ ఆకలి లేదు."

బతిమాలాను. గోడ వైపు తిరిగింది. రొట్టె తిరిగి తీసుకొచ్చాను. ఏం చేయాలో తెలియక తువ్వాలుతో సహా అలమారలో పెట్టాను.

ఆగస్టు 9

పోయింది.

ఆగస్టు 10

సంఘం చేర్చుకోకుండానే పోయినవాళ్ళని సమాధుల తోట గోడ లోపల పెట్టకూడదు. నేను నోరు తెరవకముందే మా ఆవిడ, గోడ బయట, మామ పక్కన తవ్వమని పడవవాళ్ళకి చెప్పింది. నాకు ఆ ఇబ్బంది కూడా తప్పించింది.

వాన పడుతూనే ఉంది. ప్రార్థన చేశాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. అందరూ వెళ్ళాక మా ఆవిడ మామ సమాధి దగ్గర వంగి, మట్టి సర్దుతూ ఆయనతో మాట్లాడింది.

"అమ్మ ఆ మాట ఊరికే అంది నాన్నా. మనసులో పెట్టుకోకు."

ఆగస్టు 11, ఆదివారం

ఆరాధన నడిపాను. ఏం చెప్పానో గుర్తులేదు.

ఆగస్టు 20

మా ఆవిడ అన్నం పెడుతోంది, బట్టలు ఉతుకుతోంది. మాట లేదు. ఈ రోజు నేనే అడిగాను, ఏదో ఒకటి అనవే, తిట్టు పోనీ అని. కంచం తీస్తూ ఒక్కసారే అంది. "మా అమ్మ చేత ఆ మాట అనిపించారు. ముద్ద మాత్రం పెట్టలేదు." తరవాత మజ్జిగ పోయనా అని అడిగింది.

అలమారలో రొట్టెకి బూజు పట్టింది. పారెయ్యడానికి చేతులు రాలేదు.

సెప్టెంబరు 1, ఆదివారం

లాంచీ వచ్చింది. మా ఆవిడ రొట్టె కాల్చలేదు. పాస్టరుగారు ఒడ్డు నుంచి బేకరీ బ్రెడ్ తెచ్చుకున్నారు, ఫోన్ కలవక, ఇక్కడ రొట్టె ఉంటుందో ఉండదోనని ముందుజాగ్రత్తగా.

ప్రసంగం అయ్యాక నేను లేచి ఆ వాక్యం చదివాను. అలవాటు. చదివాక ఎవరూ లేవలేదు. అందరూ చివరి బెంచీ వైపు చూశారు.

సాయంత్రం జెట్టీ మీద లాంచీ కోసం నిలబడి జరిగిందంతా చెప్పాను, రొట్టె తీసుకెళ్ళిన సంగతితో సహా. శిక్ష వేస్తారనుకున్నాను. పాస్టరుగారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"మొదటి రోజే ఇచ్చెయ్యాల్సిందయ్యా. చావుబతుకుల్లో ఉన్న మనిషికి ఇస్తే ఎవరడుగుతారు? నేనేమైనా అంటానా?"

ఆయన ఇంకో మాట కూడా అన్నారు, మామూలుగా, బ్యాగు సర్దుకుంటూ. ఆ బయటికి వెళ్ళవలెను అని చదవడం ఒడ్డున ఎప్పుడో మానేశారట. ఏ చర్చిలోనూ లేదట. నేను ప్రతి నెలా చదువుతుంటే ఇక్కడివాళ్ళ పద్ధతి కాబోలు, మనమెందుకు కాదనాలి అని ఊరుకున్నారట.

నేనేమో అది చర్చి ఆజ్ఞ అనుకున్నాను. నాన్న కూడా అలాగే అనుకుని పోయాడు.

లాంచీ వచ్చింది. ఆయన వాంతి మాత్ర వేసుకుని ఎక్కారు. చెయ్యి ఊపారు. నేనూ ఊపాను.

సెప్టెంబరు 2

మా ఆవిడకి చెప్పాలా? చెప్పలేను. చెప్పకపోతే ఆవిడ నన్ను ఒక్క తప్పుకే ద్వేషిస్తుంది.

సెప్టెంబరు 15

చెప్పాను. విన్నది. అయితే నువ్వు నోరు మూసుకుంటే సరిపోయేదన్నమాట, అంది. పెళ్ళయ్యాక మొదటిసారి నన్ను నువ్వు అంది.

అక్టోబరు 6, ఆదివారం

బల్ల. ఈసారి ఆ వాక్యం చదవలేదు. పాస్టరుగారు రొట్టె ఎత్తగానే లేచి బయటికి వచ్చాను. ఎవరూ ఆపలేదు. మెట్టు మీద అత్తగారు కూర్చునే చోటు నున్నగా అరిగిపోయి ఉంది. కూర్చున్నాను. రొట్టె వాసన నిజంగానే వస్తోంది.