సైడ్‌కార్‌లో అరవై రెండు కిలోలు

తిరుత్తణి, మంగళవారం రాత్రి

పాత మోటారు సైకిల్ సైడ్‌కార్‌కు ఇవాళ కొత్త షాక్ అబ్జార్బర్లు వేయించాను. నా భార్య సరోజ ఉండగా ఆర్డరిచ్చినవి. ఆమె పోయిన నాలుగు నెలలకు వచ్చాయి. ముప్పై ఏళ్ళు నా పక్కన ఆ సీటులోనే ఊళ్ళు తిరిగింది, నడుం పట్టేసిందని సణుగుతూనే.

తిరువళ్ళూరు మెకానిక్ సెల్వానికి ఆమె పోయిన సంగతి తెలియదు.

"కూర్చునే మనిషి బరువుకు స్ప్రింగ్ బిగించాలన్నా. అక్క ఎన్ని కిలోలుంటాది?"

"అరవై రెండు," అన్నాను.

ఇసుక మూట తూచి సీటులో పెట్టి, గంటసేపు బిగించాడు.

"ఇంక అక్కకు నడుంనొప్పి రాదులే. ఇల్లు చేరేదాకా మూట ఉండనీ అన్నా. ఖాళీగా పోతే ఎడమ మలుపులో చక్రం లేస్తాది."

అప్పుడైనా చెప్పాల్సింది. తల ఊపాను. ఎందుకు చెప్పలేదో తెలియడం లేదు. ఏడుపు కూడా రాలేదు.

దారిలో అన్ని గుంతలున్నా బండి మెత్తగా వచ్చింది. పక్కనుంచి సణుగుడు లేదు.

ఇంటి ముందు ఇంజిన్ ఆపి, ఆమె దిగడానికని, హ్యాండిల్ కదలకుండా పట్టుకుని కూర్చున్నాను.