కోటు ఇరుకైంది

మార్చి 4, ఉదయం

మా ఆవిడ కోటు ఇరుకు చేశాను, ఈ కొండ ఊళ్ళో ఎండాకాలమూ చలే. కడుపు ఆపరేషన్ అయ్యాక పద్నాలుగు కిలోలు తగ్గింది మహాతల్లి. కోటు కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. తిరిగి ఒళ్ళు చేస్తుందో లేదో రెండు నెలల్లో తెలుస్తుందన్నాడు డాక్టర్. అటూ ఇటూ రెండేసి అంగుళాలు లోపలికి కుట్టి, మిగిలిన గుడ్డ కత్తిరించేశాను. అద్దంలో చూసుకుని, మా దర్జీ మొగుడికి చూపు ఇంకా తగ్గలేదే అంది. పొంగిపోయాను.

మార్చి 5

పెద్దమ్మాయి వచ్చింది. దర్జీ కూతురు కదా, కోటు తిరగేసి చూసింది. మిగిలిన గుడ్డేదీ అంది. కోసేశానన్నాను. మా గౌన్లకు జానెడు గుడ్డ లోపల దాచేవాడివి, వచ్చే ఏడాదికి పొడుగవుతామని. అమ్మ మళ్ళీ కోలుకోదని నువ్వే తేల్చేశావా నాన్నా, అంది.

మార్చి 6

కోసేసిన ముక్కల కోసం చెత్తబుట్టంతా వెతికాను.

మార్చి 9, మధ్యాహ్నం

పిల్లల్ని చూస్తే ఎప్పుడూ రేపటి మీదే ధ్యాస. ఎంతవుతారో, ఎక్కడుంటారో! ఈవిడ మాత్రం ఏ రోజు ఎలా ఉంటే నాకలాగే చాలు. నలభై ఎనిమిదేళ్ళు అదే ప్రేమనుకున్నాను. ప్రేమే, కాదనను. కానీ పిల్లలకు జ్వరమొస్తే దేవుడితో పోట్లాడినవాణ్ణి, ఈవిడకు జబ్బు చేస్తే కత్తెర పట్టుకున్నానేమిటి?

ఆగలేక ఆవిడకే చెప్పేశాను. పడీ పడీ నవ్వింది. చలేస్తోందని నేనే కదా ఇరుకు చేయమన్నది, లావైతే ఇంకోటి కుట్టరా ఏం, ఇప్పట్నుంచే బద్ధకమా అంది.

ఏప్రిల్ 27, ఉదయం 9

బొత్తాం పట్టడం లేదు!!

గదిలోంచి విసుక్కుంటూ కేకేసింది. పరిగెత్తాను, ఈ మోకాళ్ళతో. రెండో బొత్తాం పుటుక్కున తెగి మంచం కిందికి దొర్లింది. ఈవిడ తిడుతోంది, నేను గెంతుతున్నాను. ఐదున్నర కిలోలు పెరిగింది! పెద్దమ్మాయికి ఫోన్ చేస్తే ఒక నిమిషం ఏడ్చి, తర్వాత ఇద్దరికీ క్లాసు పీకింది.

ముగ్గురు పిల్లలు పుట్టినప్పుడూ ఆనందంతో వీధంతా తిరిగాను. అది కొత్త మనిషి వచ్చారన్న ఆనందం. ఇదేమో ఉన్న మనిషే ఉందన్న ఆనందం. ఇలాంటిదొకటి ఉంటుందని డెబ్భై నాలుగేళ్ళకు గానీ తెలియలేదు నాకు. ఎంత మొద్దునో! ఎంత అదృష్టవంతుణ్ణో!

ఏప్రిల్ 29

కొత్త కోటుకు కొలతలు. సన్నగా కనబడాలని ఊపిరి బిగబట్టింది. వదలవే అన్నాను.

వదిలింది. నా వేళ్ళ మధ్య టేపు కదిలింది.