స్వాతి కాగితం మీద నా సంతకం

సువైక్, ఒమన్

ఓబులమ్మక్కకు చెల్లెలు పెంచలమ్మ దండం పెట్టి రాసుకునేది. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను, దిగులు పడొద్దు. ఇక్కడ ఎండ తగ్గింది గానీ ఉక్క తగ్గలేదు. వంట, పిల్లల పని, అంతే. అన్నం బాగానే పెడతారు, కారమే ఉండదు. నేను బాగానే ఉన్నాను.

ఫోన్లో చెబుదామంటే స్వాతి నీ పక్కనే ఉంటుంది, అందుకే రాస్తున్నాను. పిల్లను మిలటరీ ఆఫీసర్ల కాలేజీకి పిలిచినారని విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. మిలటరీకి పోయిన నా కొడుకు శేఖర్‌ను ఆ మంచు కొండల మీది నుంచి పెట్టెలో తెచ్చి ఇచ్చినారు. మూత కూడా తీయనియ్యలేదు. వాళ్ళ నాయనా లేడు. ఇంక నాకున్నది ఇదొక్కతే కదక్కా.

ఇక్కడ ఏ పని కావాలన్నా పెద్దవాళ్ళ సిఫారసు ఉండాలి, వాస్తా అంటారు. మా మేడమ్ తమ్ముడు ఇక్కడి మిలటరీలో ఆఫీసరు. ఆయనతో ఒక మాట చెప్పించి పిల్లను ఆపించమని మేడమ్‌ను అడిగినాను.

"అందరూ చేర్పించమని వస్తారు. ఆపమని వచ్చింది నువ్వే. మీ దేశంలో మా మాట ఎవరు వింటారు?" అని నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపి, తను తాగే కావా, అదే వీళ్ళ కాఫీ, నాకూ ఒక గిన్నెలో పోసింది.

అక్కడ ఎవరి సిఫారసు పనిచేస్తుందని ఫోన్లో స్వాతిని అడిగితే, "ఆడ ఎవురి సిఫారసూ పన్జెయ్యదు మా. పరీక్ష రాసినా. ఐదు దినాలు ఆడనే పెట్టుకోని మాట్లాడించినారు, ఉరికించినారు. డాక్టర్లు చూసినారు. మార్కులు కలిపి లిస్టు ఏసినారు, దాంట్లో నా పేరొచ్చింది" అనింది.

"మీ అన్న సంగతి చెప్పినావా?"

"అడిగితే చెప్పినా. దానికి మార్కుల్లేవు మా."

పిల్లకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లి సంతకం ఒకటి కావాలంట. అంటే ఆపగలిగేది నేనొక్కదాన్నే. పెట్టనన్నాను.

"నువ్వు ఒమన్ పోయేటప్పుడు నన్ను అడిగి పోయినావా?" అనింది.

స్వాతి పంపిన కాగితం మీద సంతకం పెట్టినాను అక్కా. మన పక్క ఊరి డ్రైవరు లీవు మీద వస్తున్నాడు, ఆ కాగితం, ఈ ఉత్తరం అతని చేతికి ఇచ్చినాను. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడినాయి. ఈ సంతకం చెల్లదని అనేస్తే బాగుండునని దేవునికి మొక్కుకున్నాను కూడా. ఈ మాట పిల్లకు చెప్పొద్దు.

అతను తిరిగి వచ్చేటప్పుడు శెనక్కాయల పొడి పంపు. బావకు, మీ అత్తకు నా దండాలు. పిల్ల పోయే రోజు మీ కాళ్ళకు మొక్కించు, నా బదులు నువ్వే తల మీద చెయ్యి పెట్టు. కాగితం చెల్లదని తిప్పి పంపితే ఇంకొకటి తెప్పించి నాకు పంపు. మళ్ళీ పెడతాను.

నీ చెల్లెలు
పెంచలమ్మ