అక్క ఎత్తు

ఆగస్టు తొమ్మిది.

అమ్మా, నేను కులాసా. ఇంట్లో నన్ను తాటిచెట్టని ఏడిపిస్తారు గానీ, ఈ పొద్దున టేపుతో కొలిస్తే క్లాసులో సగం మంది నాకంటే పొడుగే.

ఇవాళ్టి పాఠం దేశదేశాల ఆడవాళ్ల ఎత్తుల మీద. ఒక దేశంలో సగటు అయిదడుగుల ఏడంగుళాలట, ఇంకో దేశంలో అయిదడుగులు కూడా లేదట. ‘సగటు’ ఎంత చక్కటి మాటో అనుకుంటూ రాసుకున్నాను. పక్కనున్న అమ్మాయి, “మీ ఇంట్లో అందరూ ఇంత పొడుగేనా?” అంది.

“మా అక్క నా భుజం దాకే. బుడ్డీ అంటాం” అన్నాను. అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

“ఎదిగే వయసులో మీ అక్క ఏం తినేదమ్మా?”

“మాకందరికీ వడ్డించి, మిగిలింది తినేదండీ.”

అనేశాక గానీ ఆ మాట నా చెవికెక్కలేదు. పుట్టుక ఒక్కటే కాదు, చిన్నప్పటి తిండీ జబ్బులూ కూడా మనిషి ఎత్తును నిర్ణయిస్తాయని ఆవిడ అప్పుడు చెప్పారు.

నాన్న మంచాన పడ్డ ఏడాది అక్కకి పదకొండేళ్లు. ఇప్పుడు చెల్లికి అదే వయసు. పోయిన సెలవుల్లో చూశాను, గరిటె దాని చేతిలోనే ఉంది. ముందు దానికి పెట్టమ్మా. పాలు మాన్పించకు. నాన్న దగ్గు తగ్గిందా? వంటింటి కిటికీ బాగుచేయించారా? నాన్నకి నమస్కారాలు, చెల్లికి ముద్దులు.

అక్కా, ఈ కార్డు అమ్మకి చదివి వినిపించేది నువ్వేగా. చెల్లి సంగతి దాటెయ్యకు. నిన్నింక బుడ్డీ అనను.

నీలా ఇరవై మూడేళ్లొచ్చాక ఎవరైనా ఇంకా పెరుగుతారా అని క్లాసులో అడగబోయి, అందరి ముందూ వద్దనుకున్నాను. రేపు పొద్దున్నే మేడమ్ గదికి వెళ్లి అడుగుతాను.