ఏరుకున్న ఆవులు

ప్రియమైన అక్కకి,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను, పొంగిపోకు. అమ్మ ఆవుల పంపకంలో నా నోట్లో మట్టి కొట్టావు. ఇక్కడ పొదల్లోకి మేతకి తోలానో లేదో, నా రెండావులకీ ఒళ్ళంతా రక్తం పీల్చే గోమార్లు. చెవుల్లో, తోక కింద, పొదుగు మీద శనగగింజల్లా వేలాడుతున్నాయి. నల్లావు జ్వరమొచ్చి నిన్న చచ్చిపోయింది. జబ్బువి అంటగట్టి చల్లగా కూర్చున్నావు కదూ!

ఒకప్పటి నీ చెల్లి

చెల్లికి,

అంటగట్టానా? వాటాలు వేసింది నేను, ముందు ఏరుకుంది నువ్వు. "ఆ గజ్జి చెవులవి నువ్వే ఉంచుకో" అన్నదెవరే? నిగనిగలాడే చర్మం చూసి మురిసిపోయావు. పైన పటారం, లోన లొటారం! అవి షెడ్డులో పెరిగాయి. వారం వారం వాటికి గోమార్ల మందు కొట్టింది నువ్వే. పుట్టాక ఒక్క గోమారి కాటూ ఎరగవు.

నావి దూడప్పటి నుంచీ కుట్టించుకున్నాయి. ఇప్పుడు గోమారి పట్టగానే అక్కడ వాచి దురద పుడుతుంది, నాకేసుకుంటాయి. గోమార్లు చాలావరకు కడుపు నిండకుండానే రాలిపోతాయి. ఒంటికి ఆ విద్య కుట్టించుకుంటేనే వస్తుంది. ఆ రోజే చెబితే నాకు కడుపుమంట అన్నావు. ఏడుపు ఆపి డాక్టర్ని పిలువు.

అక్క

అక్కా,

డాక్టరొచ్చాడు. ఇది గోమార్లు తెచ్చిన జ్వరమేనని ఆయనా నీ పాటే పాడాడు. ఆయనతోనూ పోట్లాడాను. ఎర్రావు పొద్దున పోయింది. దాని దూడ నా వెనకాలే తిరుగుతోంది, నేనేం చేసేది? పాల బండి నా గుమ్మం ముందు ఆగడం మానేసింది. నీ ఆవుల్లో ఒకటి ఇవ్వు. అడుక్కోవట్లేదు, అడుగుతున్నాను. ఇవ్వకపోతే దూడని అమ్మేసి ఎవరింట్లోనో అంట్లు తోముకుంటాను. నీ కళ్ళు చల్లబడతాయి.

చెల్లి

చెల్లికి,

ఆవుని ఇవ్వను. ఇస్తే దాన్నీ కట్టేసి మందుతో స్నానం చేయిస్తావు, నిన్ను నేనెరగనా? దూడని అమ్మావంటే జన్మలో నీ గడప తొక్కను. ఆ జ్వరం పెద్దావుల్ని చంపినట్టు లేత దూడల్ని అంత తేలిగ్గా పడగొట్టదు. నా దగ్గరికి పంపు. ఇక్కడ ఈనిన ఆవు ఉంది, తాగనిస్తుంది. రోజూ పొదల్లో తిప్పుతాను, నాలుగు గోమార్లు కుట్టనిస్తాను. అది పెరిగి ఈనాక పాలూ నీవే, దూడా నీదే.

రేపే ఏదో ఒక ఆటో ఎక్కించు. నువ్వు మాత్రం ఎక్కకు. నీ మొహం చూసే ఓపిక నాకింకా రాలేదు.

అక్క